పార్సిల్లో వచ్చే కోడిపిల్లల్ని పొదుగు పెట్ట కింద పెట్టొచ్చా?

మా నాటు పెట్ట 18 రోజులుగా గంపలో కూర్చుంది. టార్చి వేసి చూస్తే గుడ్లన్నీ తేటగానే ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ పిల్ల లేదు. రేపు సాయంత్రం బస్సు పార్సిల్లో 12 వనరాజా జాతి కోడిపిల్లలు వస్తున్నాయి. పొడిచి చంపేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పెట్టొచ్చండి, కానీ పగలు వద్దు. డబ్బా రాగానే ఒక్కో పిల్ల ముక్కు నీళ్లలో ముంచి తాగించండి. చీకటి పడేదాకా బల్బు కింద వెచ్చగా ఉంచండి. రాత్రి లైటు వేయకుండా, ఒక చేత్తో గుడ్డు తీస్తూ ఇంకో చేత్తో పిల్లను రెక్క కిందికి తోయండి. మా పెట్ట మొదట గుర్రుమంది. నాలుగో పిల్ల కిచకిచమనగానే గొంతు మారింది, లోపల్లోపలే "క్లక్ క్లక్" అంటూ రెక్కలు దించింది. ఆ శబ్దం వింటే చాలు, ఒప్పుకున్నట్టే. తెల్లారేసరికి మాత్రం మీరు దగ్గరే ఉండాలి.

ఇంకొకరు: పిల్లల వయసు అడగండి. ఒకటి రెండు రోజులవైతే సరే. వారం దాటితే అవే తల్లి దగ్గరికి పోవు. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, లేకపోతే పిల్లలు మునిగిపోతాయి పాపం.

అడిగినవారు: నిన్న రాత్రి పెట్టాను. ఒకటి దారిలోనే పోయింది. మిగతా 11 పొద్దున ఈకల్లోంచి తలలు బయటపెట్టాయి. పెట్ట నూకలు ముక్కుతో తీసి వాటి ముందు వదులుతోంది. చాలా థాంక్సండీ.