జంతువులకే సంఖ్యాస్పృహ ఉంటే, పిల్లలకు లెక్కలెందుకు కష్టం?

ప్రశ్న: ఆడసింహాలు గర్జనలను బట్టి ఎదుటి గుంపు పెద్దదో చిన్నదో అంచనా వేస్తాయట. అటువంటి సహజశక్తి మనకూ ఉండగా, కొందరు పిల్లలు కూడికల దగ్గరే ఎందుకు తడబడతారు?

జవాబు: ఆ శక్తి ఉజ్జాయింపుకే పరిమితం. 8 చుక్కలకూ 16 చుక్కలకూ తేడా చూడగానే తెలుస్తుంది గాని 15కూ 16కూ తెలియదు, ఎందుకంటే ఈ అంచనా సంఖ్యల భేదంపై కాక వాటి నిష్పత్తిపై ఆధారపడుతుంది. కచ్చితమైన లెక్కకు అంకెలు, స్థానవిలువ విడిగా నేర్చుకోవాలి. చిక్కంతా (నా దృష్టిలో ముఖ్యంగా స్థానవిలువతోనే) అక్కడ మొదలవుతుంది.

మరొక జవాబు: డిస్కాల్క్యులియా (సంఖ్యలు, లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది) ఉన్నవారిలో కొందరు చక్కగా చదవగలిగినా, 7+5 వంటి కూడికకు పెద్ద తరగతుల్లోనూ వేళ్లు మడుస్తారు. దాన్ని సోమరితనమనడం అన్యాయం.

ప్రశ్నించినవారు: అయితే ఎక్కాలు బట్టీ పట్టిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ముందు పూసలతో, సంఖ్యారేఖతో పరిమాణం అర్థమయ్యేలా చేయించండి.