తలకోనకు అమ్మను తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. అమ్మకు 62 ఏళ్లు, మోకాళ్లు కొంచెం నొప్పి. జనం లేని అడవిదారిలో ఒకరోజు నడిపించాలని ఉంది. తలకోన సరిపోతుందా?

జవాబు: భాకరాపేట మీదుగా పొద్దున్నే వెళ్లండి, ఆదివారం మాత్రం వద్దు. సిద్ధేశ్వరస్వామి గుడి దాటాక మెల్లగా నడవండి. పోయిన చలికాలం మా నాన్నను తీసుకెళ్లాను. తొడంత లావు గిల్లతీగ చెట్ల మీద మెలికలు తిరిగి ఉంటే, దాన్ని అరచేత్తో తడుముతూ నిలబడిపోయారు. 270 అడుగుల జలపాతం కన్నా నాకు అదే గుర్తుంది. ఎంత సంతోషమో ఆయన ముఖంలో!

ఇంకో జవాబు: తడిరాళ్లు జారతాయి, రబ్బరు చెప్పులు వద్దండీ. కోతులుంటాయి, తిండి సంచి జాగ్రత్త.

అడిగినవారు: చాలా థ్యాంక్సండీ. బుధవారం పులిహోర కట్టుకుని బయలుదేరుతున్నాం. అమ్మకు చేతికర్ర కూడా కొన్నాను.