ఒకే ఆంప్లిఫైయర్‌కి టీవీ, ఫోన్: దానంతట అదే మారే స్విచ్ కట్టడం ఎలా?

ప్రశ్న: ఖమ్మం సభ్యుడు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పాత స్టీరియో ఆంప్లిఫైయర్ ఉంది. సౌండ్ ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ వెనక ఇన్‌పుట్ ఒక్కటే, ఎరుపు తెలుపు పిన్నులది. నాన్న పొద్దున ఫోన్‌లో ప్రవచనాలు పెట్టుకుంటారు, బ్లూటూత్ రిసీవర్ ద్వారా. మధ్యాహ్నం నుంచి టీవీ. ఆయనకు వినికిడి తగ్గింది, టీవీ సొంత స్పీకర్ సరిపోదు. మోకాళ్ళ నొప్పులతో కిందికి వంగి పిన్నులు మార్చలేరు. నేను డ్యూటీలో ఉండగా ఫోన్ చేసి "టీవీకి సౌండ్ రావట్లేదురా" అంటే ఇక పని మీద మనసు నిలవదు.

నాకు కావాల్సింది ఇదీ: ఫోన్‌లో ఏదైనా మోగితే ఆంప్లిఫైయర్ ఫోన్ వైపు తిరగాలి, ఆగిపోతే టీవీకి వచ్చేయాలి. ఎవరూ ఏ బటనూ నొక్కకూడదు. సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది. సర్క్యూట్ మాత్రం సొంతంగా గీయలేను. ఎవరైనా దారి చూపిస్తారా?

గుంటూరు సభ్యుడు

దీనికి సర్క్యూట్ ఎందుకండీ? రెండు వైర్లు కలిపే వై కేబుల్ దొరుకుతుంది కదా, రెండూ దానికే పెట్టేస్తే సరిపోదా?

హైదరాబాద్ సభ్యుడు (ఆంప్లిఫైయర్లు, టీవీలు రిపేరు చేస్తాను)

గుంటూరు వారికి ముందు చెప్తాను. వై కేబుల్ రెండు అవుట్‌పుట్‌లను నేరుగా కలిపేస్తుంది. టీవీ పంపే సిగ్నల్‌కి ఫోన్ రిసీవర్ లోడ్ అవుతుంది, రిసీవర్‌కి టీవీ లోడ్ అవుతుంది. సౌండ్ పడిపోతుంది, పగులుతుంది, ఒక్కోసారి లోపలి ఐసీ కూడా వేడెక్కుతుంది. ఒక్కో వైరుకి 4.7 కె (కిలో ఓం) రెసిస్టర్ పెట్టి కలిపితే ఆ ప్రమాదం ఉండదు, కానీ టీవీ, ఫోన్ రెండూ కలిసి వినిపిస్తాయి. వినికిడి తగ్గిన పెద్దాయనకి అది ఇంకా ఇబ్బంది.

తమ్ముడూ, నువ్వు అడిగింది చెయ్యగలిగిన పనే. ఫోన్ సిగ్నల్‌ని పసిగట్టి రిలేని, అంటే కాయిల్‌కి కరెంటు ఇస్తే మారే స్విచ్‌ని, లాగాలి, అంతే. మార్చేది మాత్రం ఇన్‌పుట్ వైపే. స్పీకర్ వైర్ల దగ్గర రిలే పెట్టకు, అక్కడ పొరపాటు జరిగితే ఆంప్లిఫైయర్ అవుట్‌పుట్ పోతుంది.

12 వోల్ట్ల అడాప్టర్ తీసుకో. 230 వోల్ట్ల కరెంటు డబ్బాలోకి అసలు రానివ్వకు. రిలే కూడా 12 వోల్ట్లదే, రెండు జతల కాంటాక్టులున్న ఎనిమిది కాళ్ళ చిన్న సిగ్నల్ రిలే. మోటార్లకి వాడే 10 ఆంపియర్ల రిలే వద్దు. ఆడియోలో కరెంటు చాలా తక్కువ కాబట్టి దాని కాంటాక్టుల మీద పొర పట్టి, కొన్ని నెలలకి ఒక చెవి వైపు సౌండ్ ఆగి ఆగి వస్తుంది. రిలే మధ్య కాళ్ళు ఆంప్లిఫైయర్‌కి, మామూలుగా అతుక్కుని ఉండేవి టీవీకి, లాగితే అతుక్కునేవి ఫోన్‌కి. ఇలా పెడితే అడాప్టర్ ఆపేసినా టీవీ సౌండ్ వస్తూనే ఉంటుంది. నాలుగు ఇన్‌పుట్ వైర్ల నుంచీ గ్రౌండ్‌కి ఒక్కొక్క 100 కె వెయ్యి, మారినప్పుడు స్పీకర్లో టప్ మని కొట్టదు.

పసిగట్టే పనికి ఎల్ఎం358 ఐసీ ఒక్కటి చాలు, అందులో రెండు ఆప్ ఆంప్‌లు (సిగ్నల్‌ని పెంచడానికి, రెండు వోల్టేజీలని పోల్చడానికి వాడేవి) ఉంటాయి. 8వ కాలు ప్లస్, 4వది గ్రౌండ్. ఫోన్ లెఫ్ట్, రైట్ నుంచి చెరొక 47 కె తెచ్చి కలుపు, అక్కడి నుంచి 1 మైక్రో (మైక్రోఫారడ్) కెపాసిటర్ ద్వారా 3వ కాలికి. రెండు 10 కెలతో 12ని సగం చేసి, ఆ మధ్య బిందువు నుంచి గ్రౌండ్‌కి 47 మైక్రో పెట్టి, ఆ 6 వోల్ట్లని 100 కె ద్వారా 3వ కాలికే ఇవ్వు. 1 నుంచి 2కి 100 కె, 2 నుంచి గ్రౌండ్‌కి 1 కె, దాంతో వరుసలో 10 మైక్రో. ఇది సిగ్నల్‌ని వంద రెట్లు పెంచుతుంది.

1వ కాలి నుంచి 1 మైక్రో కెపాసిటర్, దాని అవతల రెండు 1ఎన్4148 డయోడ్లు. ఒకటి గ్రౌండ్ నుంచి ఆ కెపాసిటర్ వైపుకి, రెండోది అక్కడి నుంచి 5వ కాలికి. 5వ కాలి నుంచి గ్రౌండ్‌కి 1 మైక్రో, దాని పక్కనే 1 మెగ్ (మెగా ఓం) రెసిస్టర్. 6వ కాలికి ప్లస్ నుంచి 100 కె, గ్రౌండ్‌కి 10 కె. రిలే టకటకలాడకుండా 7 నుంచి 5కి 1 మెగ్. 7 నుంచి 4.7 కె ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కి. ఎమిటర్ గ్రౌండ్‌కి, కలెక్టర్ నుంచి ప్లస్‌కి రిలే కాయిల్, కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007, గీత ప్లస్ వైపు. ఈ డయోడ్ మర్చిపోతే రిలే వదిలిన మొదటిసారే ట్రాన్సిస్టర్ పోవచ్చు.

జీరో పీసీబీ (రంధ్రాలున్న ఖాళీ బోర్డు) మీద కట్టెయ్. హైదరాబాద్ వస్తే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి.

ఖమ్మం సభ్యుడు

అన్నా, ఆదివారం కూర్చుని కట్టాను. ఫోన్‌లో పాట పెట్టగానే రిలే టక్ మని లాగింది, నిజంగా సంతోషమేసింది. కానీ పాట ఆపి పావుగంటైనా వదల్లేదు. అడాప్టర్ పీకితేనే టీవీకి వస్తోంది. 1వ కాలి దగ్గర 6 వోల్ట్లు ఉంది. 5వ కాలి దగ్గర 5 వోల్ట్లు చూపిస్తోంది, పాట లేకపోయినా అక్కడే నిలబడింది. 6వ కాలి దగ్గర 1.1. ఐసీ పోయిందా?

బెంగళూరు సభ్యురాలు (ఆడియో బోర్డులు డిజైన్ చేస్తాను)

ఐసీ బాగానే ఉందండీ. మీరు 5వ కాలు కొలిచి రాయడం వల్ల గుట్టంతా బయటపడింది. 7 నుంచి 5కి వేసిన 1 మెగ్ చూడండి. రిలే లాగినప్పుడు 7వ కాలు దాదాపు పదిన్నర వోల్ట్లలో ఉంటుంది. ఆ వోల్టేజీ ఆ 1 మెగ్ ద్వారా కెపాసిటర్‌ని నింపుతూ ఉంటే, కింద ఉన్న 1 మెగ్ ఖాళీ చేస్తూ ఉంటుంది. రెండూ సమానం కాబట్టి సగం దగ్గర, అంటే 5 వోల్ట్ల దగ్గర ఆగిపోతుంది. రిలే వదలాలంటే 5వ కాలు 6వ కాలి దగ్గరున్న 1.1 కిందికి రావాలి. ఎప్పటికీ రాదు.

ఆ 1 మెగ్ తీసేయండి. దాని బదులు ట్రాన్సిస్టర్ కలెక్టర్ నుంచి 6వ కాలికి 100 కె వేయండి. రిలే వదిలి ఉన్నప్పుడు కలెక్టర్ 12 వోల్ట్లలో ఉంటుంది కాబట్టి 6వ కాలు 2 వోల్ట్లకి లేస్తుంది. లాగగానే కలెక్టర్ కిందికి పడి 6వ కాలు 1 వోల్ట్ అవుతుంది. అంటే 2 దాటితే లాగుతుంది, 1 కిందికి వస్తేనే వదులుతుంది. టకటక ఉండదు, కెపాసిటర్ జోలికి ఎవరూ పోరు.

హైదరాబాద్ సభ్యుడు

మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. తప్పు నాదే తమ్ముడూ. ఆ 1 మెగ్ గట్టి వోల్టేజీ ఉన్న చోట పని చేస్తుంది, మెల్లగా ఖాళీ అవ్వాల్సిన కెపాసిటర్ దగ్గర పనికిరాదు. నీ ఆదివారం పాడు చేశాను, క్షమించు. ఆవిడ చెప్పినట్టు మార్చు.

ఖమ్మం సభ్యుడు

మార్చాను, వదులుతోంది! అన్నా, మీరు క్షమించమనడం ఏంటి, మీరు చెప్పకపోతే నేను మొదలే పెట్టేవాణ్ణి కాదు.

కానీ అసలు పరీక్షలో ఫెయిల్ అయింది. నాన్న పొద్దున టీవీ ఆన్‌లోనే ఉంచి ప్రవచనం పెట్టారు. పంతులుగారు పద్యం పాడి, అర్థం చెప్పే ముందు ఒక్క క్షణం ఆగుతారు కదా. అలా ఆగినప్పుడల్లా టక్ మని టీవీలో సబ్బు ప్రకటన వచ్చేస్తోంది. మళ్ళీ ఆయన మాట మొదలుపెట్టగానే మొదటి మాట మింగేసి ఇటు వస్తోంది. నాన్న పది నిమిషాలు ఓపిక పట్టి ఫోన్ కట్టేశారు. పాటలకైతే ఈ బాధ లేదు.

ఇంకోటి, టీవీ ఆపేసి ఫోన్ వింటుంటే వెనక సన్నగా కీచుమనే సౌండ్ ఉంది. బ్లూటూత్ రిసీవర్‌కి కూడా ఇదే అడాప్టర్ నుంచి 7805 రెగ్యులేటర్ వేసి 5 వోల్ట్లు ఇచ్చాను.

బెంగళూరు సభ్యురాలు

ఇలాంటి స్విచ్‌లో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. సౌండ్ మొదలైందని కనిపెట్టడం తేలిక. వచ్చిన నిశ్శబ్దం ఊపిరి తీసుకోవడమా, నిజంగా ఆపేయడమా అన్నది సర్క్యూట్‌కి తెలియదు. ఎంతసేపు ఆగాలో మనమే వాచీ పట్టుకుని తేల్చాలి. నాన్నగారు వినే ప్రవచనం ఒకటి పెట్టి, ఎక్కువలో ఎక్కువ ఎన్ని సెకన్లు ఆగుతున్నారో లెక్కపెట్టండి.

ఇప్పుడు మీ దగ్గర 1 మైక్రో, 1 మెగ్. ఆ రెండూ గుణిస్తే 1 సెకను. సిగ్నల్ గట్టిగా ఉన్నప్పుడు కెపాసిటర్ 9 వోల్ట్ల దాకా నిండి 1 దాకా దిగాలి, దానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. అందుకే పద్యం ఆగగానే సబ్బు వచ్చేస్తోంది. 5వ కాలి దగ్గరి ఆ 1 మైక్రో తీసి 10 మైక్రో పెడితే అదే 20 సెకన్ల పైన అవుతుంది. కొత్త కెపాసిటరే వాడండి, పాత బోర్డు నుంచి పీకినది లీక్ అయితే ఈ లెక్క తప్పుతుంది.

ఒక్క జాగ్రత్త. ఫోన్ వాల్యూమ్ తక్కువ పెడితే కెపాసిటర్ 3 వోల్ట్ల దాకానే నిండవచ్చు, అప్పుడు ఆగే సమయం సగానికి పడిపోతుంది. కాబట్టి ఫోన్ వాల్యూమ్ ఎప్పుడూ ఎక్కువలోనే ఉంచి, సౌండ్ ఆంప్లిఫైయర్ దగ్గర తగ్గించుకోవాలి.

హైదరాబాద్ సభ్యుడు

కీచు సంగతి నేను చెప్తా, ఇది నా బెంచీ మీదికి ఎన్నోసార్లు వచ్చింది. రిసీవర్‌కి కరెంటు గ్రౌండ్ ఒక దారిలో, ఆడియో గ్రౌండ్ ఇంకో దారిలో మీ బోర్డుకే వస్తున్నాయి. రెండూ కలిసి ఒక చుట్టు అవుతుంది, రిసీవర్ లోపలి డిజిటల్ రొద ఆ చుట్టులో తిరిగి ఆడియోలోకి వస్తుంది. 7805 తీసేసి రిసీవర్‌కి విడిగా ఒక ఫోన్ ఛార్జర్ పెట్టు. అలా వీలుకాకపోతే బీ0505ఎస్ అనే చిన్న ఐసోలేటెడ్ మాడ్యూల్ ఉంటుంది, 5 తీసుకుని 5 ఇస్తుంది, గ్రౌండ్లు కలవవు.

ఖమ్మం సభ్యుడు

రాత్రి నాన్న పక్కన కూర్చుని సెకన్లు లెక్కపెట్టాను. ఎక్కువగా ఆగింది 7 సెకన్లు, శ్లోకం చివర. 10 మైక్రో వేశాను, నా వాచీలో 21 సెకన్లకి వదులుతోంది. రిసీవర్‌కి పాత ఛార్జర్ పెడితే కీచు పూర్తిగా పోయింది.

ఇవాళ పొద్దున నేను ఏమీ చెప్పలేదు. నాన్న ప్రవచనం అంతా విని, ఫోన్ పక్కన పెట్టి, కాఫీ తాగుతూ కూర్చున్నారు. కాసేపటికి టీవీ వార్తలు వాటంతట అవే మొదలయ్యాయి. "ఇదేంట్రా, దానికి నేను చెప్పకుండానే తెలిసిందా" అన్నారు.

ఒక్క డౌట్ మిగిలింది. ప్రవచనం మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే నాన్న చాలాసేపు మాట్లాడతారు. అప్పుడు టీవీ వచ్చేస్తుంది. దానికి ఇంకా టైమ్ పెంచాలా?

బెంగళూరు సభ్యురాలు

పెంచకండి. పెంచితే ప్రవచనం అయిపోయాక కూడా టీవీ కోసం అన్ని నిమిషాలు నిశ్శబ్దంలో కూర్చోవాలి.  ఫోన్ వచ్చినప్పుడు టీవీని ఆయన రిమోట్‌తో మ్యూట్ చేసుకుంటే చాలు, రిమోట్ ఎలాగూ ఆయన పక్కనే ఉంటుంది.

ఖమ్మం సభ్యుడు

రిమోట్ ఆయన దిండు కిందే ఉంటుందండీ. మ్యూట్ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించేశాను. అన్నా, మేడమ్, ఇద్దరికీ మా నాన్న తరఫున కూడా నమస్కారాలు.