రాపెల్లింగ్‌లో బరువు తక్కువున్నవాళ్ళు పైనే ఆగిపోతున్నారు, ఏం మార్చాలి?

అందరికీ నమస్కారం అండి. కోనసీమలో కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం విరిగి మంచానే ఉన్న దింపు కార్మికులకి వీల్‌చైర్లు కొనడానికి రాజమండ్రిలో పది అంతస్తుల అపార్ట్‌మెంట్ పైనుంచి తాడు మీద దిగే కార్యక్రమం పెట్టాం, ఇన్‌స్ట్రక్టర్ గారు ఉన్నారు, ప్రాక్టీస్ నడుస్తోంది.

సమస్య ఏంటంటే 80 కేజీల పైన ఉన్నవాళ్ళు చక్కగా దిగిపోతున్నారు గానీ 50 కేజీల లోపు అమ్మాయిలు పిట్టగోడ దాటగానే ఆగిపోతున్నారు, కింద వేలాడే తాడు బరువే బ్రేక్ వేసినట్టు పట్టేస్తోంది, చేత్తో తాడు పైకెత్తి ఎత్తి ఫిగర్ ఎయిట్‌లోకి (తాడు చుట్టి దిగే 8 ఆకారపు లోహపు రింగు) తోసుకోవాల్సొస్తోంది, రెండు మూడు అంతస్తులు దిగాక మాత్రం మామూలైపోతోంది. తాడు కొత్తది, 11 ఎంఎం స్టాటిక్ (పెద్దగా సాగని రకం), బాగా బిరుసుగా ఉంది. పొద్దున్నే మంచుకి తడిసినప్పుడు ఇంకా ఘోరం.

ప్రూసిక్ (చెయ్యి వదిలేస్తే తాడుని పట్టేసే సన్నతాడు ముడి) చుట్లు మూడు నుంచి రెండుకి తగ్గించాం, తేడా లేదు, అంతకంటే తగ్గించడం నాకు ఇష్టం లేదు, ప్రాణాలతో పని కదా. ఎండెక్కాక దింపి చూశాం, కొంచెం నయం అంతే. పైనుంచి వేరే తాడుతో బిలే (జారితే పట్టుకునే రక్షణ) ఎలాగూ ఉంది, అది తీసే ప్రసక్తే లేదు.

మిగతా తాడుని సంచిలో పెట్టి దిగేవాళ్ళ హార్నెస్‌కే (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు) తగిలిస్తే ఈ బరువు పోతుందా, లేక ఫిగర్ ఎయిట్ తీసేసి ర్యాక్ (కడ్డీల మధ్యనుంచి తాడు పోనిచ్చి రాపిడి పెంచుకునే, తగ్గించుకునే పరికరం) వాడటమే మంచిదా, తేలికైనవాళ్ళని దింపిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్తారా?