1/25 పీటర్‌బిల్ట్ వెనుక 1/24 కంటెయినర్ ట్రెయిలర్ తగిలించవచ్చా?

జిగురుచేతులు:
నా దగ్గర ఏఎంటీ కంపెనీ వారి పీటర్‌బిల్ట్ 359 (అమెరికా ట్రక్కు) ప్లాస్టిక్ నమూనా కిట్ ఉంది. దాని స్కేలు 1/25, అంటే అసలు బండిలో ఇరవై అయిదో వంతు. వెనుక తగిలించడానికి ఇటలెరి వారి 40 అడుగుల కంటెయినర్ ట్రెయిలర్ కొందామనుకుంటున్నాను, కానీ అది 1/24. తేడా నాలుగు శాతమే కదా, ఎవరు గుర్తుపడతారని ఒక మిత్రుడు అంటున్నాడు. రెండు స్కేళ్లను కలపడం గురించి మీరేమంటారు?

వెర్నియర్ వరంగల్:
కలపకూడదనే నేనంటాను. ఇప్పుడు అమెరికా రోడ్లపై మామూలుగా కనిపించే 53 అడుగుల ట్రెయిలర్ 1/25లో 646 మిల్లీమీటర్లు వస్తుంది, 1/24లో 673. చిన్న కారులో కనిపించని తేడా ఇంత పొడవు బండిలో దాగదు. పైగా ఏఎంటీ వారే 1/25లో ఫ్రూహాఫ్ కంపెనీ ట్రెయిలర్ల కిట్లు చేశారు. అవి ఉండగా సర్దుబాటు ఎందుకు?

గాజువాక గ్యారేజ్:
వరంగల్ గారి లెక్క సరైనదే. అయితే నిజమైన ట్రెయిలర్లన్నీ ఒకే కొలతలో ఉంటేనే ఆ లెక్కకు బలం, అవి అలా ఉండవు. 359 మోడల్‌ను పీటర్‌బిల్ట్ 1967 నుంచి 1987 వరకు తయారుచేసింది. ఆ కాలంలో ఎక్కువ భాగం అమెరికాలో ట్రెయిలర్ వెడల్పుకు పరిమితి 96 అంగుళాలు. 1980ల ఆరంభంలో ఫెడరల్ చట్టం ప్రధాన రహదారులపై దానిని 102 అంగుళాలకు పెంచింది. 96 అంగుళాల ట్రెయిలర్‌ను 1/24లో చేస్తే వెడల్పు 101.6 మిల్లీమీటర్లు. దానినే 1/25 బండి వెనుక పెట్టి చూస్తే 100 అంగుళాల ట్రెయిలర్‌తో సమానం, అంటే నిజంగా రోడ్డు మీద తిరిగిన రెండు వెడల్పుల మధ్యలోనే పడుతుంది.

టైర్ల సంగతి ఇంకా ముచ్చటైనది. 22.5 అంగుళాల రిమ్ముకు వేసే 11ఆర్ టైరు బయటి వ్యాసం సుమారు 1.05 మీటర్లు, 24.5 అంగుళాల రిమ్ముకు వేసేది సుమారు 1.10. మొదటిదానిని 1/24లో చేస్తే దాదాపు 43.8 మిల్లీమీటర్లు, రెండోదానిని 1/25లో చేస్తే 44. ముందు బండికి పెద్ద రిమ్ములు, ట్రెయిలర్‌కు చిన్నవి అనుకుంటే టైర్లు చక్కగా సరిపోతాయి. రిమ్ముల దగ్గర మాత్రం ఒక మిల్లీమీటరు తేడా మిగులుతుంది.

అందుకే ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే స్కేలు కన్నా ముందు వస్తువును చూడమంటాను. ట్యాంకరు, ఫ్లాట్‌బెడ్, రిఫ్రిజిరేటర్ వ్యాను వంటివి కంపెనీకొక కొలతలో వస్తాయి కాబట్టి వాటిని నిశ్చింతగా కలపవచ్చు. కంటెయినర్ అలా కాదు, అది ప్రపంచమంతటా ఒకే కొలత. 40 అడుగుల పెట్టె పొడవు 12.192 మీటర్లు, వెడల్పు 2.438. అట్ట డబ్బా మీద రాసిన స్కేలుకు కిట్ కట్టుబడి ఉంటే అందులోని కంటెయినర్ పొడవు 508 మిల్లీమీటర్లు. 1/25 బండి వెనుక అది 12.7 మీటర్ల కంటెయినర్ అవుతుంది. అటు 40 అడుగులూ కాదు, ఇటు 45 అడుగులూ కాదు. విశాఖ పోర్టు లారీలను రోజూ చూసే మా గాజువాకవాళ్లకు ఆ పెట్టె ఎక్కడో తేడాగా ఉందని లెక్క వేయకముందే అనిపిస్తుంది. కాబట్టి వరంగల్ గారి సూత్రాన్ని నేను ఒప్పుకోకపోయినా, జిగురుచేతులు గారు ఎంచుకున్న జోడీ మాత్రం నిజంగానే కలపకూడనిది.

వెర్నియర్ వరంగల్:
తీర్పు కలిసింది, సంతోషం. కానీ ఎత్తు మాట మరిచారు. నేల నుంచి ఫిఫ్త్ వీల్ ప్లేటు (ముందు బండిపై ట్రెయిలర్ ముందు భాగం ఆనే పలక) దాకా నిజమైన బండిలో 1.2 మీటర్లు అనుకుందాం. 1/25లో 48 మిల్లీమీటర్లు, 1/24లో 50. మీరు నిశ్చింతగా కలపమన్న ట్యాంకరు కూడా ముక్కు దించి నిలబడుతుంది.

గాజువాక గ్యారేజ్:
ఫిఫ్త్ వీల్ కింద రెండు మిల్లీమీటర్ల స్టైరీన్ (ప్లాస్టిక్) షీటు ముక్క పెడితే ట్రెయిలర్ సమంగా నిలుస్తుంది. అప్పుడు ఆ ప్లేటు 1/25 లెక్కన 1.25 మీటర్ల ఎత్తున ఉంటుంది. సస్పెన్షన్‌ను బట్టి, టైర్లను బట్టి నిజమైన బండ్లలోనే అంత తేడా ఉంటుంది. ముక్కను అతికించే ముందు చక్రాలన్నీ బిగించి, కింగ్‌పిన్‌ను (ఫిఫ్త్ వీల్‌లో దిగే ట్రెయిలర్ కింది మేకును) ఊరికే ఆనించి, పక్క నుంచి చూడండి. కిట్‌లో టైర్లు కాస్త అటూ ఇటూ అయితే రెండు మిల్లీమీటర్లు ఒకటిన్నర కావచ్చు.

వెర్నియర్ వరంగల్:
షీటు పెట్టి సరిచేయవలసి వచ్చిందంటేనే రెండూ కలిసేవి కావని నా ఉద్దేశం. ఇంట్లో అల్మారాలో పెట్టుకునేవారికి మీ పద్ధతి చాలు. ముందు బండి, ట్రెయిలర్ ఒకే స్కేలులో ఉన్నాయని చీటీ రాసి పోటీలో పెట్టేవారికి మాత్రం చాలదు.

జిగురుచేతులు:
నేను పోటీకి పెట్టను. కంటెయినర్ ట్రెయిలర్‌ను ఎప్పటికైనా 1/24 వోల్వో ట్రక్కుకు తగిలిస్తాను. 359 వెనుకకు ట్యాంకరు చూస్తున్నాను. 1/25లో దొరికితే అదే, దొరక్కపోతే 1/24 ట్యాంకరు, దానితోపాటు స్టైరీన్ షీటు.