ఉరుముల వానకు టీవీ, ఫ్రిజ్ కాలిపోయాయి: మిద్దె మీద కడ్డీ పెట్టించాలా, సర్జ్ ప్రొటెక్టర్ చాలునా?

అవిలాల నివాసి:
నిన్న రాత్రి తిరుపతిలో కురిసిన ఉరుముల వానకు మా ఇంట్లో టీవీ, ఫ్రిజ్ బోర్డు, ఇంటర్నెట్ రౌటరు అడాప్టరు, కొన్ని ఎల్ఈడీ బల్బులు కాలిపోయాయి. ఇంట్లో ఎంసీబీలున్నాయి, ఈఎల్‌సీబీ ఉంది, టీవీకి స్టెబిలైజరు కూడా ఉంది. అయినా ఒక్కటీ ఆదుకోలేదు. పొద్దుటి నుంచి తిరుగుతున్నాను. ఎలక్ట్రీషియన్ మిద్దె మీద పిడుగును నేలలోకి దించే రాగి కడ్డీ నిలబెట్టాలంటున్నాడు, దుకాణదారు మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ (క్షణకాలపు వోల్టేజీ పోటును అణిచే పరికరం) పెట్టుకుంటే చాలునంటున్నాడు. ఏది కొనాలో ఒక్క మాటలో చెప్పండి. ఉపన్యాసాలు వినే ఓపిక లేదు.

చిత్తూరు వైరింగ్:
సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? ఎర్త్ గుంత ఉందా? ఈ రెండూ తెలియకుండా ఏమీ చెప్పలేము.

విశ్రాంత ఫిజిక్స్ మాస్టారు:
ఎర్త్ ప్రస్తావన వచ్చింది కనుక చెబుతున్నాను. మన శేషాచలం పాదాల దగ్గరి నేల చాలాచోట్ల రాతిమయం. ఎండాకాలంలో తేమ ఇంకిపోతే గుంత ఉన్నా లేనట్టే. ఉప్పు, బొగ్గు వేసి మూసేసి మళ్ళీ ఆ వైపు చూడనివారే ఎక్కువ. ఆ ఉప్పే కాలక్రమంలో గుంతలోని జీఐ (జింకు పూత ఇనుప) పైపును తినేస్తుంది. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వంద వాట్ల బల్బు వెలిగించి 'ఎర్త్ బాగుంది' అని చెప్పే పద్ధతి మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆ బల్బు తీసుకునేది అర ఆంపియరు కంటే తక్కువ. వెలుగుతున్నప్పుడు దాని నిరోధమే సుమారు 530 ఓములుంటుంది కనుక, ఎర్త్ నిరోధం 50 ఓములున్నా వెలుతురులో తేడా కంటికి అంతగా ఆనదు. ఎర్త్ టెస్టరుతో కొలిపించి, 5 ఓములకు లోపు ఉందో లేదో చూడండి.

అవిలాల నివాసి:
మాస్టారూ, గుంత ఉందండీ, ఇల్లు కట్టినప్పుడు వేయించినదే. సింగిల్ ఫేజు. నేనడిగింది మాత్రం కడ్డీ గురించి.

రేణిగుంట గృహస్థుడు:
మీ ఎలక్ట్రీషియన్ చెప్పిందే సరైనది. వేసవి చివరలో మన ప్రాంతానికి ఉరుముల మేఘాలు కొత్త కాదు. గాదంకిలో రాడార్లు పెట్టి మరీ వాటిని పరిశీలిస్తున్నారు. మిద్దె మీద లైట్నింగ్ అరెస్టర్ లేని ఇల్లు నా దృష్టిలో గొడుగు లేని మనిషి లాంటిది.

చిత్తూరు వైరింగ్:
అది అరెస్టర్ కాదు, కడ్డీ. అరెస్టర్ అనేది లైను మీద ఉండేది. దుకాణంలో ఆ పేరుతో అడిగితే ఏదో ఒకటి అంటగడతారు. పిడుగు నేరుగా ఇంటి మీద పడితే కడ్డీ గోడలనూ మనుషులనూ కాపాడుతుంది, తీగల వెంట లోపలికి వచ్చే వోల్టేజీని ఆపదు. పైగా కడ్డీ పెట్టిన ఇంటికి మెయిన్ బోర్డులో టైప్ 1 (నేరుగా పడిన పిడుగు కరెంటును తట్టుకునే రకం) సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి.

రేణిగుంట గృహస్థుడు:
ఊరంతా అరెస్టర్ అనే అంటుంది. పేరు ఏదైతేనేం, దానికి గుంత వేరుగా తవ్వి, ఇంటి ఎర్త్‌తో కలపకుండా ఉంచితే చాలును.

చిత్తూరు వైరింగ్:
కలపకపోతేనే ప్రమాదం. రెండు గుంతల మధ్య వేల వోల్టుల తేడా వచ్చి అది మీ టీవీ గుండానే దారి చేసుకుంటుంది.

పీలేరు సోదరి:
అవిలాల వారూ, కాలిపోయే ముందు బల్బుల కాంతి పెరిగిందాండీ?

అవిలాల నివాసి:
పెరిగింది. ఫ్యాను కూడా గిర్రున తిరిగింది. పక్కింట్లో మాత్రం బల్బులు మసకబారాయన్నారు. పొద్దున లైన్‌మన్ వచ్చి స్తంభం మీద తెగిన తీగ కలిపి వెళ్ళాడు. దీనికీ పిడుగుకూ సంబంధమేమిటి?

పీలేరు సోదరి:
సంబంధం లేకపోవడమే అసలు సంగతి. వీధి లైనులో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెగినట్టుంది. మీ ఇంటిలోపలి న్యూట్రల్ తెగితే కరెంటు పోతుంది, అంతే; కానీ వీధిలోనిది తెగితే వేర్వేరు ఫేజులపై ఉన్న ఇళ్ళు ఒకదానితో ఒకటి వరుసగా కలిసినట్టయి, వాడకం తక్కువగా ఉన్న ఇంటికి 230కి బదులు 350 వోల్టుల దాకా, ఒక్కోసారి దాదాపు 400 దాకా, తీగ కలిపేవరకూ వస్తూనే ఉంటుంది. ఎంసీబీ ఎక్కువ కరెంటుకూ, ఈఎల్‌సీబీ లీకేజీకీ పడిపోతాయి. వోల్టేజీని అవి చూడవు. మామూలు స్టెబిలైజరు అంత ఎక్కువ వోల్టేజీని దించలేదు. సర్జ్ ప్రొటెక్టర్ మైక్రోసెకన్ల పోటు కోసం చేసినది కనుక, నిమిషాల తరబడి 350 వోల్టులు వస్తే అదే కాలిపోవచ్చు. మీకు ముందుగా కావలసింది 270 వోల్టుల దగ్గర సరఫరాను తెంచేసి, మామూలు స్థితికి వచ్చాక కొంత ఆలస్యంతో కలిపే ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. ఆ తరువాత టైప్ 2 (తీగల వెంట వచ్చే పోటును అణిచే రకం) సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి; సొంత ఎర్త్ ఉన్న సింగిల్ ఫేజు ఇంటికి '1+1' రకం (ఫేజు-న్యూట్రల్ మధ్య ఒకటి, న్యూట్రల్-ఎర్త్ మధ్య ఒకటి) అడగండి. దాని తీగలన్నీ కలిపి అర మీటరు దాటకూడదు. కేబుల్ టీవీ తీగ లోపలికి వచ్చే చోట కూడా రక్షణ ఉండాలి, ఎందుకంటే పిడుగు పోటు కరెంటు తీగ వెంటే రావాలన్న నియమం లేదు.

రేణిగుంట గృహస్థుడు:
తీగ తెగింది గాలివానకే కదా? అంటే కారణం ఉరుముల వానే. కడ్డీ వద్దనడం నేను ఒప్పుకోను.

విశ్రాంత ఫిజిక్స్ మాస్టారు:
గుంత కొలతను మాత్రం మరువవద్దు.

అవిలాల నివాసి:
సరేనండీ, ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు, ఇవన్నీ అతనికే చూపిస్తాను. ధన్యవాదాలు.

పలమనేరు రైతు:
మాది పొలంలో ఇల్లు, త్రీ ఫేజు, మిద్దె మీద సోలార్ పలకలున్నాయి. డీసీ తీగలకు కూడా వేరే సర్జ్ ప్రొటెక్టర్ కావాలా?

చిత్తూరు వైరింగ్:
కావాలి, డీసీకి చేసినదే. మిగతాది వేరే ప్రశ్నగా అడగండి.