క్లేర్‌మాంట్ తోటలో క్లైవ్ కథ చెప్పాలా?

సర్రే బాటసారి:
లండన్ శివార్లలోని ఈషర్ దగ్గర క్లేర్‌మాంట్ తోట చూసి వచ్చాను. వలస పాలనతోనూ బానిస వ్యాపారంతోనూ సంబంధమున్న చోట్ల గురించి, ఈ తోటతో సహా చారిత్రక స్థలాలను సంరక్షించే సంస్థ నేషనల్ ట్రస్ట్ 2020లో నివేదిక ఇచ్చినప్పటి నుంచి ఒకటే వాదన: ఇలాంటి తోటల్లో ఆ చరిత్ర చెప్పాలా, వద్దా? ఇక్కడ మాత్రం వద్దంటాను. వాస్తుశిల్పి వాన్‌బ్రూ తనకోసం కట్టుకున్న చిన్న ఇంటిని 1714లో కొన్నది తర్వాత న్యూకాజిల్ డ్యూక్ అయిన పెల్హమ్. పచ్చిక మెట్ల అర్ధవలయం తోటల రూపశిల్పి బ్రిడ్జ్‌మన్‌ది. చెరువుకు ఈ ఒంపులు దిద్దినవాడు మరో రూపశిల్పి కెంట్. 1768లో డ్యూక్ పోయాకనే రాబర్ట్ క్లైవ్ వచ్చాడు. తాను చేయించని తోటలో అతని పాపం ఎందుకు తవ్వడం?

బందరు మనిషి:
తోట సంగతి సరే. గుట్టమీద ఆ తెల్లని భవనం ఎవరిదండీ? పాత ఇల్లు పడగొట్టించి, వాస్తుశిల్పులు బ్రౌన్, హాలండ్‌ల చేత కొత్తది కట్టించింది క్లైవే. ప్లాసీ యుద్ధం తర్వాత బెంగాల్ నవాబైన మీర్ జాఫర్ నుంచి అతనికి ముట్టింది 2,34,000 పౌండ్లు. అది కాక, ఏడాదికి సుమారు 27,000 పౌండ్ల జాగీరు. కలకత్తా చుట్టుపక్కల భూములకు ఈస్టిండియా కంపెనీ నవాబుకు కట్టవలసిన శిస్తు అది; క్లైవ్ దానిని తన పేరిట రాయించుకున్నాడు. 1770లో బెంగాల్ కరువుతో మాడిపోయింది; ఆ ఏళ్లలోనే ఇక్కడ గోడలు లేచాయి. ఈ రెండూ సందర్శకుల కోసం పెట్టే ఒకే పలకమీద చదవాలని నా కోరిక.

ఇది బెంగాలీల బాధే అనుకోకండి. ఫ్రెంచివారిపై యుద్ధానికి కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్‌ను మన తీరానికి పంపింది క్లైవే. 1758లో చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్‌లో మా బందరు కోట పతనం ఆ దండయాత్రలోవే. 1765లో మొగలు చక్రవర్తి నుంచి మన కోస్తాలోని ఉత్తర సర్కారులను కంపెనీకి ఇచ్చే ఫర్మానా సంపాదించినదీ అతనే. మా తాతగారు కోట శిథిలాలు చూపిస్తూ ఫోర్డ్ పేరు చెప్పేవారు. ఆ పేరుకూ ఈ భవనానికీ ఉన్న ముడి నాకు నలభై ఏళ్లు దాటాక గాని తెలియలేదు. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

మట్టిపని:
తోటపని నా వృత్తి. పచ్చిక మెట్లు చాలాకాలం చెట్ల కింద మరుగునపడి ఉంటే, 1970ల్లో తుప్పలు కొట్టి వెలికితీశారు. అంత శ్రమపడి మెట్లు బయటపెట్టినవాళ్లు సొమ్ము ఎక్కడిదో బయటపెట్టడానికి సంకోచించనక్కర్లేదు.

సర్రే బాటసారి:
జాగీరు సంగతి నాకు తెలియదు. భవనం విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కాని ఆ ఇల్లు పూర్తయ్యే వేళకే, 1774లో, క్లైవ్ చనిపోయాడు. ఇప్పుడది ట్రస్ట్‌ది కాదు, ఒక పాఠశాల. మరి పలక ఎక్కడ పెట్టాలి?

బందరు మనిషి:
తోటలో నుంచి ఆ భవనం కనబడే చోట. బ్రిడ్జ్‌మన్, కెంట్‌ల పేర్లు చెరువు గట్టునే ఉండనివ్వండి. వాటి జోలికి నేను పోను.